రాడార్ బండి తోసే ముందు నేల సంగతి చూడాలి

సంపాదకులు గారికి,
నమస్కారం.

రోడ్డు తవ్వే ముందు జీపీఆర్ (గ్రౌండ్ పెనెట్రేటింగ్ రాడార్, అంటే నేలలోకి రేడియో తరంగాలు పంపి లోపలున్నవి చూసే యంత్రం) సర్వే చేయించాలన్న మాట విజయవాడ, గుంటూరు నగరాల్లో ఇప్పుడు తరచూ వినపడుతోంది. మంచినీటి గొట్టం పగిలినా, కేబుల్ తెగినా ‘ముందే రాడార్‌తో చూసి ఉంటే సరిపోయేది కదా’ అంటున్నారు. చూడటం మంచిదే. అయితే ఆ బండి తోసిన ప్రతిచోటా భూమి లోపల ఉన్నదంతా కనిపిస్తుందన్న నమ్మకం కూడా దాంతోపాటే పెరిగిపోతోంది. ఆ నమ్మకంతో తవ్వితే, అసలు సర్వే లేకుండా తవ్విన దానికంటే నష్టం ఎక్కువ. మ్యాపు లేనప్పుడు జేసీబీ డ్రైవరు భయపడుతూ తవ్వుతాడు. మ్యాపు చేతిలో ఉంటే ధైర్యంగా బకెట్ దించుతాడు. కృష్ణ ఒడ్డు ఇసుకలో బాగా పనిచేసే ఈ పద్ధతి గుంటూరు నల్లరేగడిలో అలా పనిచేయదు. ఈ తేడా తెలిసి పని అప్పగించాలి, తెలిసి నివేదిక చదవాలి.

జీపీఆర్ చేసే పని చెప్పుకుంటే చాలా సూటిగా ఉంటుంది. బండి అడుగున ఉన్న యాంటెన్నా నేలలోకి అతి చిన్న రేడియో తరంగపు తునకను పంపుతుంది. లోపల పదార్థం మారినచోట అందులో కొంత భాగం వెనక్కి తిరిగి వస్తుంది. వెళ్లి రావడానికి పట్టిన కాలాన్ని నానోసెకన్లలో, అంటే సెకనులో వందకోట్లవ వంతు లెక్కన కొలుస్తారు. గాలిలో ఈ తరంగం నానోసెకనుకు 30 సెంటీమీటర్లు పోతుంది. నేలలోకి దిగాక వేగం తగ్గుతుంది. ఎంత తగ్గుతుందన్నది ఆ పదార్థపు డైఎలెక్ట్రిక్ స్థిరాంకం (విద్యుత్ క్షేత్రానికి పదార్థం ఎంత స్పందిస్తుందో చెప్పే అంకె) మీద ఆధారపడుతుంది. 30ని ఆ స్థిరాంకపు వర్గమూలంతో భాగిస్తే వేగం వస్తుంది. గాలికి ఈ స్థిరాంకం 1, పొడి ఇసుకకు 3 నుంచి 5, గ్రానైట్‌కు 4 నుంచి 6, నీటిలో నానిన ఇసుకకు 20 నుంచి 30, మంచినీటికి సుమారు 80. కాబట్టి తరంగ వేగాన్ని నిర్ణయించేది ప్రధానంగా నేలలోని తేమ. తిరిగి వచ్చే ప్రతిధ్వని బలం కూడా రెండు పక్కల పదార్థాల స్థిరాంకాల తేడాను బట్టే ఉంటుంది. లోహపు గొట్టం దాదాపు మొత్తాన్నీ వెనక్కి కొడుతుంది. తడి మట్టిలో ఉన్న ఖాళీ ప్లాస్టిక్ గొట్టం కూడా బాగానే పట్టిస్తుంది. పొడి ఇసుక పరుపు మీద వేసిన ఖాళీ ప్లాస్టిక్ గొట్టం మాత్రం చాలా బలహీనంగా కనిపిస్తుంది. దానిలో నీరు నిండి ఉంటే మళ్లీ స్పష్టంగా తెలుస్తుంది.

ఇక అసలు చిక్కు తరంగం ఎంత లోతు దిగుతుందన్న దాని దగ్గర ఉంది. తడి ఉంటే పనిచేయదని చాలామంది అనుకుంటారు. మంచినీరు తరంగాన్ని నెమ్మదింపజేస్తుంది గానీ పెద్దగా మింగదు. మింగేది నేల విద్యుత్ వాహకత, అంటే నీటిలో కరిగిన ఉప్పు, బంకమట్టి రేణువులు. వాహకతను మీటరుకు మిల్లీ సీమెన్స్‌లలో తీసుకుని 1.64తో గుణించి, డైఎలెక్ట్రిక్ స్థిరాంకపు వర్గమూలంతో భాగిస్తే మీటరుకు ఎన్ని డెసిబెళ్లు పోతాయో తెలుస్తుంది. పది డెసిబెళ్లు పోతే శక్తి పదో వంతుకు పడిపోయినట్టు. తడి నల్లరేగడికి వాహకత 100, స్థిరాంకం 16 అనుకోండి. మీటరుకు 41 డెసిబెళ్లు పోతాయి. మీటరు లోతులో ఉన్న గొట్టం దాకా వెళ్లి రావడానికి 82 డెసిబెళ్లు. అంటే పంపిన శక్తిలో సుమారు పదహారు కోట్ల వంతుల్లో ఒక వంతు మాత్రమే మిగులుతుంది. ఇది మట్టి మింగినది మాత్రమే. తరంగం నాలుగు వైపులా పరచుకోవడం వల్ల, గొట్టం దగ్గర కొంత ముందుకే పోవడం వల్ల జరిగే నష్టం దీనికి అదనం. అదే వాహకత 1, స్థిరాంకం 4 ఉన్న పొడి ఇసుకలో మీటరుకు 0.8 డెసిబెల్ పోతుంది. మీటరు వెళ్లి వచ్చాక కూడా మూడింట రెండు వంతులకు పైగా మిగులుతుంది. యంత్రం అదే, యాంటెన్నా అదే, నడిపే మనిషి అదే.

క్షేత్రంలో ఉన్నవాళ్లకు ఇంకో తేలిక లెక్క ఉంది. 35ను మిల్లీ సీమెన్స్ వాహకతతో భాగిస్తే ఆశించదగిన లోతు మీటర్లలో ఉజ్జాయింపుగా వస్తుంది. మన దగ్గర బోర్లకు నీటి జాడ చూసేవాళ్లు రెసిస్టివిటీ మీటరు, అంటే నేల కరెంటును ఎంత అడ్డుకుంటుందో కొలిచే పరికరం, వాడతారు. దానితో పై మీటరు, మీటరున్నర మట్టి రెసిస్టివిటీని ఓమ్-మీటర్లలో కొలిచి 3.5తో గుణించండి. జీపీఆర్‌కు అందే లోతు సెంటీమీటర్లలో వస్తుంది. 10 ఓమ్-మీటర్లు ఉన్న నల్లరేగడిలో 35 సెంటీమీటర్లు. 30 ఉంటే మీటరుకు కాస్త ఎక్కువ. 100 ఉంటే మూడున్నర మీటర్లు. ఇది కచ్చితమైన సూత్రం కాదు. కానీ సర్వేకు లక్షలు ఖర్చుపెట్టే ముందు పూటలో తేలిపోయే పరీక్ష ఇది. రెసిస్టివిటీ 10, 15 ఓమ్-మీటర్ల దగ్గర వస్తే ఆ వీధికి జీపీఆర్ మీద ప్రధానంగా ఆధారపడటం మానుకోవాలి. రైతుల నేల పరీక్ష పత్రంలో ఉండే ఈసీ (విద్యుత్ వాహకత) అంకెను మాత్రం ఈ లెక్కకు నేరుగా వాడకూడదు. దాన్ని మట్టిని నీటిలో కలిపి కొలుస్తారు, నేల ఉన్న స్థితిలో ఉన్నట్టు కాదు.

‘పర్వాలేదు, తక్కువ ఫ్రీక్వెన్సీ యాంటెన్నా తెస్తాం, ఇంకా లోతుకు పోతుంది’ అని కొందరు కాంట్రాక్టర్లు హామీ ఇస్తారు. ఇసుకలోనూ రాతిలోనూ అది నిజమే. అక్కడ 100 మెగాహెర్ట్జ్ యాంటెన్నా పది మీటర్లు కూడా చూపగలదు. వాహకత ఎక్కువున్న బంకమట్టిలో జరిగే నష్టం ఈ ఫ్రీక్వెన్సీల మధ్య పెద్దగా మారదు. 400 నుంచి 100కు దిగితే కొద్దిగా లాభం ఉంటుంది గానీ, దానికి బదులు చిన్న గొట్టాలను చూసే చూపు పోతుంది. ఈ మాట టెండర్ కమిటీల్లో కూర్చునేవారు గుర్తుపెట్టుకోవాలి.

మన ప్రాంతాన్ని ఈ కంటితో చూస్తే విజయవాడ, గుంటూరు చుట్టుపక్కలే నాలుగు రకాల నేల కనిపిస్తుంది. కృష్ణలంక, రాణిగారితోట వైపు నది వేసిన ఒండ్రు, ఇసుక పొరలు. ఇంద్రకీలాద్రి, మొగల్రాజపురం కొండల పాదాల దగ్గర కొండరాయి పైకే వస్తుంది. సింగ్‌నగర్, పాయకాపురం వైపు బుడమేరు వాగు పల్లపు నేల, దాని మీద ఇళ్ల కోసం తోలిన రకరకాల పూడిక మట్టి. గుంటూరు చుట్టూ, అమరావతి రాజధాని ప్రాంతంలో, పల్నాడు వైపు నల్లరేగడి. పూడిక మట్టిలో ఇంకో తలనొప్పి ఉంది. ఇటుక ముక్కలు, కాంక్రీటు పెళ్లలు, ఇనుప చువ్వలు అన్నీ ప్రతిధ్వనులే ఇస్తాయి. వాటి మధ్య గొట్టాన్ని వేరుచేయడం అనుభవజ్ఞుడికే కష్టం. తీరం వైపు బాపట్ల, సూర్యలంక ఇసుక దిబ్బలు జీపీఆర్‌కు ఎంతో అనువైన చోటు. అయితే ఉప్పునీటి మట్టం తగలగానే తరంగం అక్కడితో ఆగిపోతుంది. అది కూడా ఉపయోగకరమైన సమాచారమే. దిబ్బల కింద మంచినీరు ఎంత మందంలో తేలి ఉందో ఆ ఆగిన చోటు చెబుతుంది. ఇంకొక జాగ్రత్త. పాఠ్యపుస్తకాల పట్టికల్లో తడి ఇసుకకు ఇచ్చిన అంకెలు ఉప్పు చాలా తక్కువున్న నీటివి. మన భూగర్భ జలాల్లో లవణాలు ఎక్కువ కాబట్టి నానిన ఇసుకలో కూడా పుస్తకంలో ఉన్నంత లోతు ఇక్కడ రాదు. ఈ పద్ధతితో 1929లోనే ఆస్ట్రియాలో హిమానీనదం మందం కొలిచారు. 2021లో అంగారకుడి మీద దిగిన పర్సివరెన్స్ రోవర్‌లోనూ ఇలాంటి రాడార్ ఉంది. మంచు, ఎండిన నేల దీనికి తెరిచిన తలుపులు. ఆ ఫలితాలు చూపించి మన రేగడిలో అదే లోతు ఇస్తామనడం సరికాదు.

క్షేత్రంలో పని ఎలా సాగాలో చెప్పుకుందాం, ఎందుకంటే ఎక్కువ తప్పులు అక్కడే పుడతాయి. యంత్రం దించకముందే పాత నక్షాలు తెచ్చుకుని వీధి పొడవునా నడవాలి. వాల్వు ఛాంబర్లు, మ్యాన్‌హోళ్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, కేబుల్ పెట్టెలు, పాత తవ్వకాల అతుకులు గుర్తించాలి. మ్యాన్‌హోల్ మూత తీసి గాలి ఆడనిచ్చి, పైనుంచే కొలబద్ద దింపి గొట్టం పైభాగం ఎంత లోతులో ఉందో రాసుకోవాలి. మనిషిని లోపలికి దించడం ప్రాణాంతకం. తర్వాత కేబుల్ లొకేటర్‌తో తిరగాలి. కరెంటు నడుస్తున్న కేబుళ్లను అది 50 హెర్ట్జ్ సంకేతంతో దానంతటదే పడుతుంది. ఇనుప గొట్టాలకు వాల్వు దగ్గర ట్రాన్స్‌మిటర్ తగిలించి దాని దారి పట్టుకోవచ్చు. నల్లరేగడిలో లోహపు లైన్ల విషయంలో జీపీఆర్ కంటే ఈ లొకేటరే నమ్మదగిన సాధనం. ధర కూడా తక్కువ. ఇవన్నీ అయ్యాక జీపీఆర్ వంతు వస్తుంది.

వీధుల్లోని గొట్టాలకు 250 నుంచి 400 మెగాహెర్ట్జ్ షీల్డు (గాల్లోంచి వచ్చే సంకేతాలను తగ్గించే కవచం ఉన్న) యాంటెన్నా సరైనది. పైపైన ఉన్న సర్వీసు పైపుల కోసం 700 నుంచి 900 మెగాహెర్ట్జ్ రెండో యాంటెన్నా కూడా ఉండాలి. ఇప్పుడు రెండూ ఒకే బండిలో వస్తున్నాయి. రెండున్నర మీటర్ల లోతు చూడాలనుకుంటే, వేగం నానోసెకనుకు 7 సెంటీమీటర్లు అయితే వెళ్లి రావడానికి 71 నానోసెకన్లు పడుతుంది. కాబట్టి టైమ్ విండో, అంటే ప్రతిధ్వని కోసం యంత్రం ఎదురుచూసే కాలం, 80 నుంచి 100 నానోసెకన్ల వరకు పెట్టాలి. 50 దగ్గర వదిలేస్తే కింది ముప్పావు మీటరు నమోదే కాదు. ప్రతి 2 సెంటీమీటర్లకు ఒక ట్రేసు (ఒక చోటి కొలత) తీసుకోవాలి. దూరం కొలిచే చక్రాన్ని ప్రతి ఉదయం 20 లేదా 30 మీటర్ల టేపు పరిచి సరిచూడాలి. బురదలో చక్రం జారితే గొట్టం ఉన్న చోటు మ్యాపులో మీటరు అటో ఇటో జరుగుతుంది. యాంటెన్నా నేలకు ఆనుకుని ఉండాలి. గతుకుల రోడ్డు మీద అది ఎగిరెగిరి పడితే శక్తి నేలలోకి దిగకుండా గాల్లోకి పోతుంది.

గీతలు, అంటే బండి తోసే దారులు, ఏ దిశలో తీయాలన్నది చాలామంది పట్టించుకోరు. గొట్టాన్ని అడ్డంగా దాటినప్పుడే తెరమీద బోర్లించిన మూకుడులాంటి వంపు, అంటే హైపర్‌బోలా వస్తుంది. బండి గొట్టానికి దూరంగా ఉన్నప్పుడే దాని ప్రతిధ్వని ఏటవాలుగా వచ్చి అందుతుంది, నెత్తిమీదికి వచ్చేసరికి దూరం అతి తక్కువవుతుంది, దాటాక మళ్లీ పెరుగుతుంది. అందుకే ఆ ఆకారం. అదే గొట్టం మీదుగా దాని పొడవునా బండి తోస్తే వంపు రాదు, అడ్డంగా ఒక గీత మాత్రమే వస్తుంది, అది మట్టి పొరలా కనిపిస్తుంది. కంప్యూటర్లో ‘బ్యాక్‌గ్రౌండ్ రిమూవల్’ మీట నొక్కగానే ఆ గీత పూర్తిగా మాయమవుతుంది. ట్రాఫిక్‌కు ఇబ్బంది అని రోడ్డు పొడవునా మాత్రమే రెండు మూడు గీతలు తీసి సర్వే ముగించే అలవాటు ఉంది. అలా చేస్తే వీధి వెంట పోయే పెద్ద మంచినీటి లైనే తప్పిపోతుంది, అడ్డంగా పోయే చిన్నవి దొరుకుతాయి. రోడ్డుకు అడ్డంగా ప్రతి మీటరుకు ఒక గీత, కూడళ్లలో అరమీటరుకు ఒకటి, దాంతోపాటు పొడవునా కూడా తీయాలి. అడ్డం గీతలకు ఒకవైపు ట్రాఫిక్ ఆపాలి కాబట్టి రాత్రి పది తర్వాత అనుమతి ఇవ్వాలి. ఈ అనుమతి సకాలంలో దొరకకపోవడమే సగం సర్వేలు నాసిరకంగా మారడానికి కారణమని మా అభిప్రాయం.

అన్నిటికంటే ప్రమాదకరమైన తప్పు లోతు లెక్కలో జరుగుతుంది. యంత్రం కొలిచేది కాలాన్ని. లోతు తెరమీద మీటర్లలో కనిపిస్తుంది గానీ అది మనం ఇచ్చిన వేగం మీద వేసిన లెక్క. చాలా యంత్రాల్లో మొదటే నానోసెకనుకు 10 సెంటీమీటర్లు పెట్టి ఉంటుంది. దాన్ని మార్చకుండా సర్వే చేస్తే 30 నానోసెకన్లకు వచ్చిన గొట్టం మీటరున్నర లోతులో ఉన్నట్టు రాస్తారు. తడి బంకమట్టిలో అసలు వేగం 6 అయితే ఆ గొట్టం 90 సెంటీమీటర్లలోనే ఉంటుంది. మీటరు ఇరవై వరకు ఏమీ లేదనుకుని జేసీబీ బకెట్ దించితే గొట్టం పగలడం ఖాయం. దీనికి మందు సులువైనదే. లోతు తెలిసిన గొట్టం మీదుగా ఒకసారి దాటాలి. మ్యాన్‌హోల్ దగ్గర కొలిచిన లోతు 1.2 మీటర్లు, ప్రతిధ్వని 34 నానోసెకన్లకు వచ్చిందంటే వేగం 7, స్థిరాంకం 18. ఆ వీధికి అదే వేగం వాడాలి. వంపు ఎంత వెడల్పుగా ఉందో చూసి కూడా వేగం తీయవచ్చు, కానీ గొట్టాన్ని ఏటవాలుగా దాటితే వంపు వెడల్పై తప్పు వేగం వస్తుంది. మట్టి మారిన ప్రతిచోటా, వాన పడిన ప్రతిసారీ ఇది తిరిగి చూడాలి. ఇంకో పొరపాటు కార్యాలయాల్లో జరుగుతుంది. జీపీఆర్ ఇచ్చేది గొట్టం పైభాగం లోతు. పాత డ్రాయింగుల్లో ఉండేది సాధారణంగా లోపలి అడుగు మట్టం. 300 మిల్లీమీటర్ల మురుగు గొట్టానికి ఈ రెంటి మధ్య అడుగు తేడా ఉంటుంది. రెంటినీ కలిపేసి ‘సర్వే తప్పు’ అనో ‘డ్రాయింగ్ తప్పు’ అనో వాదించుకుంటారు.

గొట్టం ఎంత చిన్నదైతే అంత తొందరగా కనుమరుగవుతుంది. వ్యాసం లోతులో పదో వంతైనా ఉండాలన్నది వాడుకలో ఉన్న అంచనా. మీటరు లోతులో 100 మిల్లీమీటర్ల గొట్టం, పావు మీటరు లోతులో 25 మిల్లీమీటర్ల ఇంటి కనెక్షన్. ఆప్టికల్ ఫైబర్ కేబుల్‌కు టెలికాం పనుల్లో మామూలు లోతు 165 సెంటీమీటర్లు, దాని గొట్టం వ్యాసం 40 మిల్లీమీటర్లు. ఇది ఇసుకలో కూడా జీపీఆర్‌కు దొరకదని ముందే ఒప్పుకోవాలి. ఇక తవ్వకుండా డ్రిల్లింగు పద్ధతిలో లాగిన గొట్టాలు నాలుగైదు మీటర్ల లోతులో వంకరగా పోతాయి. వాటికి వేసిన రోజున గీసిన బోర్ ప్రొఫైలే (గొట్టం పోయిన దారి బొమ్మే) ఆధారం. ఒకదానిమీద ఒకటి ఉన్న గొట్టాల్లో పైది కనిపిస్తుంది, కిందది దాని నీడలో దాగిపోతుంది. ఇనుప జాలీ ఉన్న కాంక్రీటు రోడ్డు కింద, చువ్వల మధ్య దూరం పది సెంటీమీటర్లకు తగ్గితే, దాదాపు ఏమీ కనిపించదు. జీపీఆర్ గొట్టం వ్యాసాన్ని చెప్పదు, అందులో పోయేది నీరో గ్యాసో మురుగో చెప్పదు. నివేదికలో ‘150 మి.మీ. గ్యాస్ పైపు’ అని కచ్చితంగా రాసి ఉంటే ఆ సమాచారం ఎక్కడి నుంచి వచ్చిందో అడగాలి.

లేనివి ఉన్నట్టు కనిపించడం కూడా ఉంది. తలమీది కరెంటు తీగలు, చెట్టు కొమ్మలు, ఆగి ఉన్న లారీ, పక్కన ప్రహరీగోడ, వీటి నుంచి గాల్లో వచ్చిన ప్రతిధ్వనులు తెరమీద లోతైన వంపుల్లా పడతాయి. వాటి వేగం తీస్తే 30 దగ్గర వస్తుంది. భూమిలో ఏ వస్తువూ ఆ వేగం ఇవ్వదు కాబట్టి గుర్తుపట్టవచ్చు. మ్యాన్‌హోల్ ఇనుప మూత మీదుగా పోతే కిందికంతా గంట మోగినట్టు చారలు వస్తాయి. గెయిన్ (వచ్చిన సంకేతాన్ని పెంచి చూపే అమరిక) ఎక్కువ పెంచితే రొద కూడా చక్కని పొరల్లా తయారవుతుంది. వేసవిలో నల్లరేగడి పగుళ్లిస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో పైమట్టి ఎండి లోతు కాస్త పెరుగుతుంది గానీ ఆ పగుళ్ల ప్రతిధ్వనులు అడ్డొస్తాయి. అయినా వానల తర్వాత చేసేదానికంటే వేసవి సర్వే మేలు.

2023 నవంబరులో ఉత్తరాఖండ్ సిల్‌క్యారా సొరంగంలో 41 మంది చిక్కుకున్నప్పుడు, ముందున్న 5 మీటర్లలో లోహపు అడ్డు లేదని రాడార్ పరిశీలన తర్వాత ప్రకటించారు. ఆ తర్వాత కూడా డ్రిల్లింగు యంత్రానికి ఇనుము తగిలి ఆగిపోయింది. 2025 ఫిబ్రవరిలో శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం కూలినప్పుడు హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు జీపీఆర్ వాడారు. బురద, ఊటనీరు, బోరింగ్ యంత్రపు ఇనుప శకలాల మధ్య అది ఈ పద్ధతికి అత్యంత కఠినమైన పరిస్థితి. శాస్త్రవేత్తల సామర్థ్యాన్ని అనుమానించనక్కర్లేదు. ‘ఇక్కడ చుట్టుపక్కల కంటే వేరైనదేదో ఉంది’ అనేంతవరకే రాడార్ చెప్పగలదు. అది మనిషో, ఇనుమో, రాయో తవ్వితేనే తెలుస్తుంది. ‘ఇక్కడ ఏమీ లేదు’ అనడానికైతే దానికి ఇంకా తక్కువ అధికారం ఉంది.

ఇంత చెప్పాక జీపీఆర్ వద్దంటున్నామని అనుకోకండి. కాంక్రీటులో దానికి సాటి రాగల సాధనాలు తక్కువ. ఫ్లైఓవర్ల డెక్ స్లాబుల్లో, వాటర్ ట్యాంకుల గోడల్లో 1.6 నుంచి 2.6 గిగాహెర్ట్జ్ చిన్న యాంటెన్నాతో 30, 40 సెంటీమీటర్ల లోతు వరకు చువ్వల స్థానం, వాటి మధ్య దూరం, మీద కాంక్రీటు కవరు మందం మిల్లీమీటర్ల స్థాయిలో చూడవచ్చు. పరీక్షకు కాంక్రీటు ముక్క (కోర్) తీసేముందు, రంధ్రం వేసేముందు ఇది తప్పనిసరి కావాలి. కొత్తగా పోసిన కాంక్రీటులో తేమ ఎక్కువ కాబట్టి కొన్ని నెలలు ఆగి చూడాలి. సీసీ రోడ్డు పలక కింద మట్టి కొట్టుకుపోయి ఏర్పడిన డొల్లలను రోడ్డు కుంగకముందే పట్టవచ్చు. గాలి నిండిన డొల్ల నుంచి వచ్చే ప్రతిధ్వని ధ్రువత, అంటే తరంగం మొదట పైకి లేస్తుందా కిందికి దిగుతుందా అన్నది, లోహం నుంచి వచ్చేదానికి తలకిందులుగా ఉంటుంది. తారు రోడ్డు పొరల మందం వాహనం నడుస్తుండగానే కొలవవచ్చు, బిల్లుల తనిఖీకి ఇది చాలా పనికొస్తుంది. అమరావతి మహాచైత్యం, భట్టిప్రోలు స్తూపం లాంటి చోట్ల ఇటుక కట్టడాల పునాదులు ఎటు సాగుతున్నాయో గడ్డపార దించకుండా చూసే అవకాశం ఉంది. మట్టి బంకగా ఉంటే అక్కడ కూడా మీటరులోపే.

బుడమేరు సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. 2024 సెప్టెంబరులో కట్ట తెగి విజయవాడ ఎంత నష్టపోయిందో అందరికీ తెలుసు. కట్టల్లో ఎలుకలు, పందికొక్కులు చేసిన బొరియలు, చెట్ల వేళ్లు కుళ్లి మిగిలిన సొరంగాలు వరద వేళ ఊటకు దారి తీస్తాయి. కట్టమీద గ్రావెల్ పరిచి ఎండి ఉన్నచోట జీపీఆర్ మీటరు, మీటరున్నర వరకు ఈ బొరియలను చూపగలదు. అంతకు దిగువన బంకమట్టి గర్భంలో చూపలేదు. అక్కడికి రెసిస్టివిటీ ఇమేజింగ్, అంటే నేలలోకి కరెంటు పంపి లోపలి తేడాలను బొమ్మగా చూపే పద్ధతి, కావాలి. మీటరుకొక ఎలక్ట్రోడ్ చొప్పున 48 ఎలక్ట్రోడ్లు పాతితే కట్ట కింద ఎనిమిదీ తొమ్మిది మీటర్ల వరకు తడి ఊరిన భాగాలు తేలుతాయి. వేసవిలో ఒకసారి, వానల్లో కాలువ నిండుగా ఉన్నప్పుడు ఒకసారి అదే గీతమీద కొలిచి రెంటినీ పోల్చాలి. కట్ట మొత్తానికీ జీపీఆర్ ఒక్కటే చేయించి ‘గట్టిగా ఉంది’ అని సర్టిఫికెట్ తీసుకుంటే అది ప్రాణాలతో చెలగాటం.

పల్లెల్లో జరిగే మోసం గురించి కూడా పాఠకులకు చెప్పాలి. జీపీఆర్‌తో మూడువందల అడుగుల లోతులో నీటి ధార చూపిస్తామని, నిధులు చూపిస్తామని డబ్బు గుంజేవాళ్లున్నారు. గుంటూరు, పల్నాడు రేగడి నేలల్లో అది భౌతికశాస్త్రం ఒప్పుకోని పని. బోరు నీటికి రెసిస్టివిటీ సర్వే, చుట్టుపక్కల బోర్ల లోతులు, భూగర్భజల శాఖ సమాచారం, ఇవే దారి. అవి కూడా అవకాశాన్ని చెబుతాయి, హామీ ఇవ్వవు.

నగరపాలక సంస్థలకు, ప్రజారోగ్య ఇంజినీరింగ్ విభాగానికి మా సూచనలు ఇవి. టెండర్లో ‘జీపీఆర్ సర్వే’ అని ఒక్క ముక్క రాసి కిలోమీటరుకు రేటు కట్టకండి. కిలోమీటరు రేటుకు వేగంగా తోసేవాడే గెలుస్తాడు. బ్రిటన్‌లో 2014 నుంచి ఉన్న పాస్ 128, అమెరికాలో 2002లో వచ్చి 2022లో సవరించిన ఏఎస్‌సీఈ 38 అనే భూగర్భ లైన్ల సర్వే ప్రమాణాలు పనిని నాలుగు మెట్లుగా విడదీశాయి. రికార్డుల సేకరణ, ఉపరితల గుర్తుల పరిశీలన, పరికరాలతో వెతకడం, తవ్వి చూసి నిర్ధారించడం. ఒక్కో మెట్టుకు వేరే అంశం, వేరే రేటు ఉండాలి. నాలుగోదానికి, అంటే చేతి పనిముట్లతో తవ్వే ట్రయల్ పిట్లకు, తప్పకుండా నిధులు కేటాయించాలి. అది లేకపోతే మిగతా మూడింటికీ తప్పొప్పులు తేల్చే దారి ఉండదు. మ్యాపులో ప్రతి గీతకూ అది ఏ మెట్టు సమాచారమో వేరే రంగులో చూపించాలి. లోతు పక్కన ఎంత తేడా ఉండొచ్చో రాయాలి. నూటికి 15 వంతులంటే మీటరున్నర లోతుకు 22 సెంటీమీటర్లు. వాడిన వేగం, దాన్ని ఎక్కడ ఎలా తీశారు, ఆ రోజు నేల తడి, అందిన గరిష్ఠ లోతు నివేదికలో ఉండాలి. తరంగం 60 సెంటీమీటర్లకే ఆగిపోయిన వీధిలో ‘ఏమీ కనపడలేదు’ అని రాయకూడదు, ‘60 దాటి చూడలేకపోయాం’ అని రాయాలి. ఈ రెండు వాక్యాల మధ్య తేడాలోనే ఒక మంచినీటి గొట్టం పగలడమో పగలకపోవడమో ఉంది. ప్రాసెస్ చేసిన బొమ్మలతో పాటు ముడి డేటా కూడా తీసుకుని భద్రపరచాలి. రేపు ఇంకొకరు చూసి మెరుగ్గా చదవవచ్చు.

తవ్వే ముందు కేంద్రం 2023 మార్చిలో తెచ్చిన ‘కాల్ బిఫోర్ యు డిగ్’ యాప్‌లో నమోదు చేయించడం మర్చిపోకూడదు. ఫైబర్ లాంటి రాడార్‌కు దొరకని లైన్లకు యజమాని సంస్థ రికార్డే దిక్కు.

ఇప్పుడు కొత్తగా వేస్తున్న ప్లాస్టిక్ గొట్టాల మీద కనీసం 2.5 చదరపు మిల్లీమీటర్ల ఇన్సులేటెడ్ రాగి తీగ వెంటబెట్టి, దాని కొసలను ప్రతి వాల్వు ఛాంబర్‌లో పైకి తేవాలి. అప్పుడు మామూలు కేబుల్ లొకేటర్‌తోనే ఆ గొట్టం ఎంత చెడ్డ బంకమట్టిలోనైనా దొరుకుతుంది, జీపీఆర్ అవసరమే రాదు. కందకం పూడ్చకముందు ప్రతి 20 మీటర్లకు గొట్టం పైభాగం స్థానం, మట్టం చేతిలో పట్టుకునే జీపీఎస్ రోవర్‌తో నమోదు చేసి, స్కేలు కనపడేలా ఫొటో తీయాలి. ఈ రెండింటినీ బిల్లు చెల్లింపుకు షరతుగా పెట్టమని, ఇప్పుడు జరుగుతున్న భూగర్భ డ్రైనేజీ, తాగునీటి పనుల నుంచే ఇది మొదలుపెట్టమని అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాం.

ఇట్లు,
భూభౌతిక సర్వే రంగంలో పనిచేసే ఇంజినీర్లు,
గుంటూరు